ఫెల్ప్స్ పతకాలు ఎవరి చలవ? మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే మనిషి గురించి, అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ గురించి. తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు చెప్పేస్తాను. 1985 జూన్ 30న మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్‌లో పుట్టాడు. 2000లో సిడ్నీ నుంచి 2016లో రియో దాకా ఐదు ఒలింపిక్స్‌లో ఈదాడు. మొత్తం 28 పతకాలు, వాటిలో 23 స్వర్ణాలు, 3 రజతాలు, 2 కాంస్యాలు. ఒలింపిక్స్ చరిత్రలో ఇన్ని పతకాలు ఇంకెవరికీ లేవు. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేసి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: ఈతలో పతకాలు తేలిగ్గా వస్తాయేమోనని నా అనుమానం. ఉసేన్ బోల్ట్ అంతటివాడు కూడా ఒక ఒలింపిక్స్‌లో మూడు పోటీల్లోనే దిగాడు. ఫెల్ప్స్ ఒక్క బీజింగ్‌లోనే ఎనిమిది స్వర్ణాలు పట్టుకెళ్లాడు. ఈ పోలిక న్యాయమేనా?

జవాబు: మీ అనుమానంలో సగం నిజం ఉందండీ. పరుగులో వెనక్కి పరిగెత్తే పోటీలు ఉండవు కదా. ఈతలో ఫ్రీస్టైల్, బ్యాక్‌స్ట్రోక్, బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లై అని నాలుగు పద్ధతులు, ఒక్కోదానిలో వేర్వేరు దూరాలు, నాలుగూ కలిపి ఈదే మెడ్లీ, ఆపైన రిలేలు. కాబట్టి ఒకే మనిషి ఎక్కువ పోటీల్లో దిగే వీలుంది, అంతవరకు ఒప్పుకుంటాను. కానీ వీలుండటం వేరు, ఆ బరువు మోయగలగడం వేరు.

2008 బీజింగ్‌లో ఎనిమిది పతకాల కోసం ఫెల్ప్స్ తొమ్మిది రోజుల్లో 17 సార్లు పోటీకి దిగాడు. హీట్స్ (అంటే మొదటి వడపోత పోటీలు), సెమీఫైనల్స్, ఫైనల్స్ అన్నీ కలిపి. పైగా అమెరికాలో టీవీ చూసేవాళ్ల వేళకి కుదిరేలా ఫైనల్స్ అన్నీ పొద్దున పెట్టారు, హీట్స్ సాయంత్రం. అంటే రాత్రి ఈది, పడుకుని, లేవగానే ఒలింపిక్ ఫైనల్. ఆగస్టు 13న 200 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్ గెలిచి, గంట తిరిగేసరికి 4x200 మీటర్ల రిలే ఫైనల్లో మళ్లీ నీళ్లలో ఉన్నాడు. ఆగస్టు 15న 200 మీటర్ల మెడ్లీ ఫైనల్ అయిన కాసేపటికే 100 మీటర్ల బటర్‌ఫ్లై సెమీస్. ఆ మధ్యలో ఏం జరుగుతుందో టీవీలో చూపించరు. పతకం మెడలో వేయించుకుని, జాతీయగీతం అయ్యాక, పక్కనున్న ఇంకో పూల్‌లోకి దిగి మెల్లగా ఈదుతూ ఉండాలి. చెవి తమ్మె నుంచి ఓ చుక్క రక్తం తీసి లాక్టేట్ (బాగా శ్రమపడ్డప్పుడు రక్తంలో పెరిగే పదార్థం) ఎంతుందో చూస్తారు, తగ్గకపోతే మళ్లీ ఈత. గెలిచానన్న ఆనందం కూడా తీరిగ్గా అనుభవించే టైమ్ లేదు.

ఇంకో సంగతి, ఈ ఎనిమిది ఒక్కసారిగా ఊడిపడలేదు. 1972 మ్యూనిక్‌లో మార్క్ స్పిట్జ్ ఏడు స్వర్ణాలు గెలిచాడు, ఆ రికార్డు మీద కన్నేసి ఫెల్ప్స్ 2004లో ఏథెన్స్‌లోనే ప్రయత్నించాడు. ఆరు స్వర్ణాలు, రెండు కాంస్యాలు వచ్చాయి. ఆ కాంస్యాల్లో ఒకటి 200 మీటర్ల ఫ్రీస్టైల్‌లో వచ్చింది. ఆ పోటీలో ఆస్ట్రేలియా వాడు ఇయాన్ థోర్ప్, నెదర్లాండ్స్ వాడు పీటర్ వాన్ డెన్ హూగెన్‌బ్యాండ్ ఉన్నారు, ఇద్దరూ ఆ దూరంలో అతనికన్నా మెరుగని అందరికీ తెలుసు. థోర్ప్‌తో ఒక్కసారైనా పోటీపడాలని కావాలనే దిగాడు, 1 నిమిషం 45.32 సెకన్లతో మూడో స్థానం. అదే పోటీని నాలుగేళ్ల తర్వాత బీజింగ్‌లో 1 నిమిషం 42.96 సెకన్లలో ముగించాడు. రెండో స్థానంలో వచ్చిన కొరియా ఈతగాడు పార్క్ తే హ్వాన్‌కీ అతనికీ దాదాపు రెండు సెకన్ల తేడా. నాకైతే ఆ ఎనిమిదిలో అన్నిటికన్నా ముందు గుర్తొచ్చే స్వర్ణం ఇదే.

ఎనిమిది గెలవడం జరిగే పని కాదని థోర్ప్ అప్పట్లో అన్నాడు. ఫెల్ప్స్ ఆ మాట ఉన్న కాగితం తన లాకర్‌లో అంటించుకున్నాడు. బీజింగ్‌లో చివరి రిలే అయిపోయాక అభినందించినవాళ్లలో థోర్ప్ కూడా ఉన్నాడు.

ప్రశ్న: బీజింగ్ 100 మీటర్ల బటర్‌ఫ్లై వీడియో ఎన్నిసార్లు చూసినా సెర్బియా ఈతగాడు చావిచే ముందు గోడ తాకినట్టు కనిపిస్తుంది. ఫెల్ప్స్‌కి అన్యాయంగా ఇచ్చేశారా?

జవాబు: లేదండీ. మీ కళ్లకి అలా కనిపించడంలో తప్పేం లేదు, ఆ రోజు పూల్ పక్కన ఉన్న చాలామందికీ అలాగే కనిపించింది. చివరి క్షణం గురించి కాస్త వివరంగా చెబుతాను.

యాభై మీటర్ల దగ్గర టర్న్ తీసుకునేటప్పటికి మిలోరాడ్ చావిచ్ ముందున్నాడు, ఫెల్ప్స్ ఎనిమిది మందిలో ఏడోవాడు, 0.62 సెకన్ల వెనక. ఇంత చిన్న పోటీలో అది చాలా పెద్ద తేడా. అక్కణ్నుంచి అందుకుంటూ వచ్చాడు. గోడకి ఇంకొన్ని అడుగులు ఉండగా చావిచ్ చివరి స్ట్రోక్ పూర్తి చేసి, చేతులు చాచి, అలా జారుతూ గోడ వైపు వెళ్లాడు. ఫెల్ప్స్‌కి ఆ దూరం సరిగ్గా అమరలేదు. జారితే ఎక్కువ దూరం, ఇంకో స్ట్రోక్ వేస్తే తక్కువ చోటు. అతను చిన్న స్ట్రోక్ ఇంకొకటి వేశాడు. అది వేస్తున్నప్పుడు పోటీ పోయిందనే అనుకున్నానని తర్వాత చెప్పాడు కూడా.

ఇప్పుడు గోడ సంగతి. గోడకి టచ్‌ప్యాడ్ బిగించి ఉంటుంది, గడియారం ఆగాలంటే దాన్ని వేళ్లతో ఆనిస్తే చాలదు, కాస్త ఒత్తిడి పడాలి. నీళ్లు కదిలినప్పుడల్లా గడియారం ఆగిపోకుండా అలా తయారుచేస్తారు. చావిచ్ జారుతూ వచ్చాడు కాబట్టి చివర్లో వేగం తగ్గింది. ఫెల్ప్స్ చేతులు పైనుంచి తిరిగి వచ్చి బలంగా కొట్టాయి. ఫెల్ప్స్ 50.58 సెకన్లు, చావిచ్ 50.59 సెకన్లు. సెర్బియా జట్టు ఫిర్యాదు చేసింది, అధికారులు నీటి అడుగు నుంచి తీసిన చిత్రాలు చూసి ఫలితం సరైనదేనన్నారు. చావిచ్ తానే ఆ ఫలితాన్ని ఒప్పుకుని ముందుకెళ్దామన్నాడు. అతనికి నేను పెద్ద అభిమానిని ఆ ఒక్క మాటతోనే అయ్యాను.

కథ అక్కడితో అయిపోలేదు. నాలుగేళ్ల తర్వాత లండన్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై, ఫెల్ప్స్ సొంత పోటీ, దాదాపు చివరిదాకా ముందున్నాడు. ఈసారి గోడ దగ్గర జారింది అతనే. దక్షిణాఫ్రికా కుర్రాడు చాడ్ లె క్లోస్ స్ట్రోక్ ఆపకుండా వచ్చి 0.05 సెకన్ల తేడాతో స్వర్ణం పట్టుకెళ్లాడు. మళ్లీ 2016 రియోలో అదే పోటీ, జపాన్ ఈతగాడు మసాతో సకాయ్ దూసుకొస్తున్నాడు, ఫెల్ప్స్ 0.04 సెకన్ల తేడాతో నిలబెట్టుకున్నాడు. అప్పటికి 31 ఏళ్లు.

ప్రశ్న: గాగుల్స్‌లో నీళ్లు నిండిపోయినా కళ్లు కనిపించకుండానే ప్రపంచ రికార్డు కొట్టాడని మా తమ్ముడు అంటాడు. కొంచెం అతిశయోక్తి కాదూ?

జవాబు: మీ తమ్ముడు చెప్పింది నిజమే. బీజింగ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్. దూకిన దగ్గర్నుంచే గాగుల్స్‌లోకి నీళ్లు రావడం మొదలైంది, చివరి యాభై మీటర్లకి వచ్చేసరికి ఏమీ కనిపించడం లేదు. ఇలాంటప్పుడు గాగుల్స్ పీకి పారేయొచ్చు కదా అనిపిస్తుంది, కానీ వాటి మీద టోపీ ఉంటుంది, పైగా చెయ్యి ఆపితే పోటీ పోయినట్టే. స్ట్రోకులు లెక్కపెట్టుకుంటూ వెళ్లాడు. యాభై మీటర్లకి తనకి ఎన్ని స్ట్రోకులు పడతాయో తెలుసు కాబట్టి, లెక్క పూర్తవగానే చెయ్యి చాచాడు, గోడ అక్కడే ఉంది. 1 నిమిషం 52.03 సెకన్లు, ప్రపంచ రికార్డు. పైకి లేచి టోపీ, గాగుల్స్ విసిరేశాడు. ముఖంలో సంతోషం లేదు, ఇంకా తొందరగా రావాల్సిందని బాధ.

దీని వెనక కోచ్ బాబ్ బౌమన్ ఉన్నాడు. ఫెల్ప్స్ చిన్నప్పుడు ఓ పోటీకి ముందు బౌమన్ అతని గాగుల్స్‌ని కావాలనే కాలితో తొక్కేశాడు. పగిలినవాటితోనే కుర్రాడు ఈదాడు, అప్పుడూ లెక్కపెట్టుకునే గట్టెక్కాడు. రోజూ పడుకునే ముందు రేసంతా మనసులో సినిమాలా చూసుకోమని కూడా నేర్పాడు, బాగా జరిగిన రేసుతో పాటు గాగుల్స్ నిండిపోయిన రేసు, సూట్ చిరిగిన రేసు కూడా. పిల్లల మీద ఇంత కాఠిన్యం అవసరమా అని మీరు అడగొచ్చు, నాకూ గాగుల్స్ తొక్కడం అంత నచ్చదు. కానీ బీజింగ్‌లో ఆ నూట యాభై మీటర్ల దగ్గర అతను కంగారు పడకపోవడానికి కారణం మాత్రం అదే.

ప్రశ్న: ఫెల్ప్స్ శరీరమే ఈత కోసం పుట్టిందట కదా. పొడుగు చేతులు, పెద్ద పాదాలు, రోజుకి 12,000 క్యాలరీల తిండి. మామూలు మనుషులు ఎంత కష్టపడితే మాత్రం ఏం లాభం?

జవాబు: శరీరం కలిసొచ్చింది, కాదనను. ఎత్తు 193 సెంటీమీటర్లు, చేతులు బార్లా చాస్తే రెండు మీటర్లు దాటుతాయి. నడుము పైభాగం పొడుగు, కాళ్లు పొట్టి. మొరాకో పరుగువీరుడు హిషామ్ ఎల్ గెరూజ్ ఇతని కన్నా దాదాపు ఏడు అంగుళాలు పొట్టి, అయినా ఇద్దరి ప్యాంటు పొడవూ ఇంచుమించు ఒకటే. పొడుగు మొండెం నీటి మీద పడవలా సాగుతుంది, పొట్టి కాళ్లు నీటిలో తక్కువ ఈడ్చుకుంటాయి.

12,000 క్యాలరీల మాట మాత్రం నిజం కాదని ఫెల్ప్సే చెప్పాడు. రోజుకి ఎనిమిది నుంచి పదివేల దాకా తినేవాడట, అదీ తక్కువేం కాదు, కానీ తిండి వల్ల గెలవలేదు, అంత ఈదాడు కాబట్టి అంత తినాల్సి వచ్చింది.

ఇంత పొడుగు, ఇంతకన్నా పొడుగు చేతులు ఉన్న ఈతగాళ్లు ప్రతి ఒలింపిక్స్‌లోనూ ఉంటారు. వాళ్లెవరికీ 23 రాలేదు. తేడా ఎక్కడ వచ్చిందో చూడాలంటే టర్న్ దగ్గర చూడండి. గోడని తన్నిన తర్వాత నీటి అడుగునే, రెండు కాళ్లూ కలిపి, నడుము నుంచి డాల్ఫిన్‌లా కొట్టుకుంటూ వెళ్తారు. నియమం ప్రకారం 15 మీటర్ల లోపు తల పైకి రావాలి. చాలామంది ఊపిరి బిగబట్టలేక ముందే తేలిపోతారు, ముఖ్యంగా చివరి టర్న్ దగ్గర, ఎందుకంటే అప్పటికి ఊపిరితిత్తులు మండుతుంటాయి. ఫెల్ప్స్ అక్కడే ఇంకా అడుగున ఉండేవాడు. అది పుట్టుకతో రాదు, అలసిపోయి ఉన్నప్పుడు కూడా ప్రాక్టీస్‌లో ప్రతి గోడ దగ్గరా చేస్తేనే వస్తుంది.

ఇంకొకటి. టీనేజీలో కొన్నేళ్ల పాటు ఫెల్ప్స్ ఒక్క రోజు కూడా ప్రాక్టీస్ మానలేదు, ఆదివారాలు, క్రిస్మస్ కూడా. బౌమన్ లెక్క చాలా సూటిగా ఉంటుంది: మిగతావాళ్లు ఆదివారం సెలవు తీసుకుంటారు, మనం తీసుకోం, ఏడాదికి 52 రోజులు ఎక్కువ. అందరికీ ఇదే చెయ్యమని చెప్పను, పెరిగే పిల్లల శరీరానికి విశ్రాంతి కావాలి. అతని అక్క విట్నీ కూడా బటర్‌ఫ్లైలో చాలా మంచి ఈతగత్తె, 1996 ఒలింపిక్ జట్టులోకి వస్తుందని అందరూ ఎదురుచూశారు, వెన్ను గాయాలు ఆమె కెరీర్‌ని మింగేశాయి. ఒకే ఇంట్లో రెండూ జరిగాయి.

ప్రశ్న: బీజింగ్ రికార్డులన్నీ ఆ ప్రత్యేకమైన సూట్ల వల్లే అంటారు?

జవాబు: సూట్ల వల్ల టైమ్‌లు తగ్గిన మాట నిజం. కానీ స్పీడో వారి ఆ ఎల్‌జెడ్‌ఆర్ రేసర్ సూట్ ఫెల్ప్స్ ఒక్కడే వేసుకోలేదు, అతనితో పోటీపడ్డవాళ్లలో చాలామందికీ అదే. మరుసటి ఏడాది రోమ్ ప్రపంచ పోటీల్లో ఇంకా కొత్త రకాలు వచ్చాయి, జర్మనీ ఈతగాడు పాల్ బీడర్‌మన్ వాటిలో ఒకటి వేసుకుని 200 మీటర్ల ఫ్రీస్టైల్‌లో ఫెల్ప్స్‌ని ఓడించి, అతని రికార్డు కూడా తుడిచేశాడు. 2010 నుంచి అలాంటి సూట్లు నిషేధించారు, మగవాళ్లకి నడుము నుంచి మోకాలి దాకా బట్టతో చేసినదే. ఆ తర్వాత లండన్‌లో నాలుగు, రియోలో ఐదు స్వర్ణాలు గెలిచాడు. ఇంకేం చెప్పాలి?

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. ఏడీహెచ్‌డీ (దృష్టి నిలపలేని, కుదురుగా ఉండలేని సమస్య) ఉందని డాక్టర్ చెప్పారు. క్లాసులో కుదురుగా కూర్చోడని రోజూ కంప్లైంట్. ఫెల్ప్స్‌కీ ఇదే ఉండేదని చదివాను. ఈతలో వేస్తే తగ్గుతుందా?

జవాబు: అమ్మా, ముందు ఒక మాట. ఈత మందు కాదు. డాక్టర్ చెప్పిన వైద్యం ఏదైతే అది మానకండి, మార్చాలన్నా ఆయన్ని అడిగే మార్చండి. ఈతలో తప్పకుండా వెయ్యండి, కానీ పతకాల కోసమో, జబ్బు పోతుందనో కాదు, వాడికి నచ్చితే.

ఫెల్ప్స్ సంగతి మీకు ధైర్యం ఇస్తుందనుకుంటాను. బడిలో ఉన్నప్పుడే ఏడీహెచ్‌డీ ఉందని తేలింది. మీ అబ్బాయి జీవితంలో దేని మీదా దృష్టి పెట్టలేడని ఒక టీచర్ అతని తల్లి డెబీతో అన్నారట. డెబీ కూడా బడిలో పనిచేసే మనిషే, ఆ మాట విని ఊరుకోలేదు. వాడికి ఏం చేస్తే నిలకడ వస్తుందో మీరే చెప్పండి, కలిసి చేద్దాం అని బడివాళ్లతో పట్టుబట్టింది. లెక్కలంటే విసుగు పడే పిల్లవాడికి ఈత వేగాల మీద లెక్కలు ఇప్పించింది. మందులు కూడా వాడారు, కొన్నేళ్ల తర్వాత మానేస్తానని అతనే అడిగితే డాక్టర్‌తో మాట్లాడి ఆపారు.

ఏడేళ్లకి ఈతలో వేసినప్పుడు ముఖం నీళ్లలో పెట్టడానికి భయపడ్డాడు, అందుకే ముందు వెల్లకిలా ఈదడం నేర్చుకున్నాడు. క్లబ్బులో అల్లరికి శిక్షగా లైఫ్‌గార్డ్ కుర్చీ పక్కన కూర్చోబెట్టేవాళ్లు, చాలాసార్లే కూర్చున్నాడు. అదే పిల్లవాడు పోటీల రోజున తన వంతు కోసం గంటల తరబడి కుదురుగా కూర్చునేవాడని డెబీ గమనించింది. పిల్లవాడిలో ఓపిక లేదని కాదు, దేని కోసం ఓపిక పట్టాలో వాడికి తెలిసొచ్చింది. మీ బాబుకి అది ఈతే కానక్కర్లేదు. వాడు దేని కోసం ఆగగలుగుతున్నాడో మీరు గమనించండి, దాని గురించి టీచర్‌కి చెప్పండి. రోజూ కంప్లైంట్ వినడం ఎంత బాధో నాకు అర్థమైంది.

ప్రశ్న: ఏథెన్స్‌లో తన రిలే చోటుని వేరేవాళ్లకి ఇచ్చేశాడంటారు, నిజమా?

జవాబు: నిజం. 100 మీటర్ల బటర్‌ఫ్లైలో తన జట్టువాడే అయిన ఇయాన్ క్రాకర్‌ని 0.04 సెకన్ల తేడాతో ఓడించాడు. నలుగురూ తలా ఒక పద్ధతిలో ఈదే మెడ్లీ రిలే ఫైనల్లో, గెలిచినవాడికే బటర్‌ఫ్లై చోటు. అంతకుముందు క్రాకర్ ఒంట్లో బాగాలేక ఇంకో రిలేలో బాగా వెనకబడ్డాడు. ఫెల్ప్స్ ఆ చోటు అతనికిచ్చి తాను గ్యాలరీలో కూర్చుని అరిచాడు. అమెరికా ప్రపంచ రికార్డుతో గెలిచింది. హీట్స్‌లో ఈదాడు కాబట్టి ఫెల్ప్స్‌కీ స్వర్ణం దక్కింది. మూడేళ్ల తర్వాత మెల్‌బోర్న్ ప్రపంచ పోటీల్లో ఏడు స్వర్ణాలు గెలిచిన ఫెల్ప్స్‌కి ఎనిమిదోది రాకపోవడానికి కారణం మెడ్లీ రిలే హీట్స్‌లో ఒకరు ఓ క్షణం ముందే దూకడం, జట్టుని తప్పించారు. ఆ దూకింది క్రాకరే. ఏథెన్స్‌లో నీకు నా చోటు ఇచ్చానే అని ఫెల్ప్స్ ఎత్తిపొడవలేదు, గెలిచినా ఓడినా జట్టుగానే అన్నాడు.

ప్రశ్న: తాగి కారు నడిపి పట్టుబడ్డాడు, గంజాయి ఫొటో బయటికొచ్చింది. ఇలాంటివాణ్ని పిల్లలకి ఆదర్శంగా ఎలా చూపిస్తాం?

జవాబు: మీరు చెప్పినవన్నీ జరిగాయి. 2004లో, 19 ఏళ్ల వయసులో, తాగి కారు నడిపి దొరికాడు. 2009లో ఆ ఫొటో వచ్చాక అమెరికా ఈత సంఘం మూడు నెలలు పోటీలకి దూరం పెట్టింది. 2014 సెప్టెంబరులో బాల్టిమోర్‌లో మళ్లీ తాగి, అతి వేగంగా కారు నడుపుతూ పట్టుబడ్డాడు, ఆరు నెలల నిషేధం, 2015 ప్రపంచ పోటీలకి దూరం. తాగి కారు నడపడం వల్ల ఎవరి ప్రాణమైనా పోయేది, పోకపోవడం అతని అదృష్టం మాత్రమే. దీన్ని పిల్లల దగ్గర దాచొద్దు, పతకాలు చెప్పినప్పుడు ఇదీ చెప్పండి.

తర్వాత జరిగింది కూడా చెప్పండి. ప్రతి ఒలింపిక్స్ తర్వాతా తీవ్రమైన డిప్రెషన్‌లో పడ్డానని అతను 2018లో బహిరంగంగా చెప్పాడు. 2012 లండన్ తర్వాత రిటైరయ్యాక, గదిలోంచి బయటికి రాకుండా, తిండీ నిద్రా లేకుండా, బతకాలని కూడా లేకుండా రోజులు గడిపాడు. అప్పటికి 22 పతకాలు ఉన్న మనిషి. నాలుగేళ్లకోసారి వచ్చే ఒక వారం కోసం చిన్నప్పట్నుంచి బతికినవాడికి, ఆ వారం అయిపోయిన మర్నాడు ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు. ఆదివారం కూడా ఈదించిన పద్ధతిలో ఈ లోటు ఉందనే నా అభిప్రాయం. మనిషి మొత్తం ఈతగాడైపోతే, ఈత లేని రోజున మనిషి మిగలడు.

2014 అరెస్టు తర్వాత అరిజోనాలో ఒక చికిత్సా కేంద్రంలో ఆరు వారాల పైనే ఉన్నాడు. తొమ్మిదేళ్ల వయసులో తల్లిదండ్రులు విడిపోయాక తండ్రి ఫ్రెడ్‌తో దూరం పెరిగింది, ఆ చికిత్సలో భాగంగా తండ్రిని పిలిపించుకుని మాట్లాడాడు. రియోకి వచ్చింది ఆ తర్వాతి ఫెల్ప్స్. అక్కడ నవ్వుతూ ఈదాడు, ఐదు స్వర్ణాలు గెలిచాడు. 100 మీటర్ల బటర్‌ఫ్లైలో సింగపూర్ కుర్రాడు జోసెఫ్ స్కూలింగ్ చేతిలో ఓడిపోయినప్పుడు కూడా ముందుగా అభినందించాడు. 2008లో చిన్నపిల్లాడిగా ఫెల్ప్స్‌తో ఫొటో దిగిన ఆ స్కూలింగే అతన్ని ఓడించాడు. ఇవాళ మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడటం అతను చేసే పనుల్లో ముఖ్యమైనది. ఆదర్శమా కాదా అనేది మీ ఇష్టం, కానీ సాయం కావాలని నోరు తెరిచి అడగడం ఈయన్ని చూసి ఏ పిల్లవాడైనా నేర్చుకుంటే నాకు చాలా సంతోషం.

ప్రశ్న: ఫెల్ప్స్ రికార్డులు ఇంకా ఏమైనా మిగిలాయా?

జవాబు: పతకాల రికార్డు చెక్కు చెదరలేదు. ఒంటరిగా ఈదిన పోటీల్లో ప్రపంచ రికార్డులు మాత్రం అన్నీ పోయాయి. చివరిగా మిగిలింది 400 మీటర్ల మెడ్లీ, బీజింగ్‌లో కొట్టిన 4 నిమిషాల 3.84 సెకన్లు. దాదాపు పదిహేనేళ్లు నిలబడింది. 2023 జులైలో జపాన్‌లోని ఫుకువోకాలో ఫ్రాన్స్ కుర్రాడు లియోన్ మార్షాన్ 4 నిమిషాల 2.50 సెకన్లలో ఈదేశాడు. అప్పుడు కామెంటరీ చెబుతున్నది ఫెల్ప్సే, మార్షాన్ మెడలో పతకం వేసిందీ అతనే. మార్షాన్‌కి శిక్షణ ఇచ్చింది ఎవరనుకున్నారు, బాబ్ బౌమనే. మరుసటి ఏడాది పారిస్‌లో మార్షాన్ సొంతగడ్డ మీద నాలుగు వ్యక్తిగత స్వర్ణాలు గెలిచాడు, అందులో రెండు ఒకే రాత్రి. పొడుగు చేతుల వాదన చేసేవాళ్లు మార్షాన్‌ని చూడాలి, ఫెల్ప్స్ అంత ఎత్తు లేడు.

ప్రశ్న: నాకు ఈత పోటీలంటే ఏమీ తెలియదు. ఒక్కటి మాత్రమే చూడమంటే ఏది చూడమంటారు?

జవాబు: 2008 బీజింగ్, 4x100 మీటర్ల ఫ్రీస్టైల్ రిలే ఫైనల్. ఫెల్ప్స్ మొదట ఈది ఒడ్డెక్కేశాడు, ఆ తర్వాత అతని చేతిలో ఏమీ లేదు, అరవడం తప్ప. అతని తర్వాత గ్యారెట్ వెబర్ గేల్, కలెన్ జోన్స్, చివర జేసన్ లీజాక్. లీజాక్‌కి 32 ఏళ్లు. పక్క లేన్‌లో ఫ్రాన్స్ తరఫున అలెన్ బెర్నార్డ్, 100 మీటర్ల ప్రపంచ రికార్డు పెట్టుకుని వచ్చినవాడు, అమెరికావాళ్లని చిత్తు చేస్తామని ముందే అన్నవాడు. చివరి టర్న్ దగ్గర లీజాక్ దాదాపు ఒక మనిషి పొడవు వెనక ఉన్నాడు. మీరు అక్కణ్నుంచి లీజాక్‌ని మాత్రమే చూడండి. లేన్ తాడుకి బాగా దగ్గరగా, బెర్నార్డ్ లేపిన అల పక్కనే అంటిపెట్టుకుని వస్తాడు. అలా ముందున్నవాడి అలని వాడుకుంటే కాస్త శ్రమ తగ్గుతుంది. బెర్నార్డ్ చేతులు చివరి పదిహేను మీటర్లలో బిగుసుకుపోవడం మీకే కనిపిస్తుంది. లీజాక్ తన వంద మీటర్లని 46.06 సెకన్లలో ఈదాడు, అప్పటిదాకా రిలేలో ఎవరూ అంత వేగంగా ఈదలేదు. 0.08 సెకన్ల తేడాతో అమెరికా గెలిచింది, టైమ్ 3 నిమిషాల 8.24 సెకన్లు. వీడియో ఇంకా కాస్త ముందుకి జరిపి ఫెల్ప్స్ ముఖం కూడా చూడండి, తాను ఒంటరిగా గెలిచిన ఏ పోటీ తర్వాతా అలా గొంతు చించుకుని అరవలేదు. ఈ పతకం పోయి ఉంటే ఏడుతో స్పిట్జ్ పక్కన ఆగిపోయేవాడు. ముందురోజు హీట్స్‌లో నమోదైన ప్రపంచ రికార్డు 3 నిమిషాల 12.23 సెకన్లు, ఆ ఫైనల్లో మొదటి ఐదు జట్లూ దానికన్నా ముందే వచ్చాయి.